పదానికి రెండు గోడలు

హోర్తా ఆసుపత్రి అడుగు అంతస్తులో
లాండ్రీకీ శవాల గదికీ నడుమ నా గది.
కిటికీ లేదు. బయట సముద్రం ఉందనీ
దాని అవతల పికో కొండ ఉందనీ
నమ్మకం మీద పని చేస్తాను.
రాత్రి పదకొండున్నర.
జలుబు చేసిన పిల్లిలా సర్వరు ఫ్యాను గురగుర.

సాయంత్రం ఎర్మీనియు దూత్రా వచ్చాడు,
ఒంటి నిండా ఆవుల వాసన, చేతిలో టోపీ.
"పెద్ద దీవి నుంచి గుండె డాక్టరు
మీకు ఉత్తరం రాస్తానన్నాడు.
ఏప్రిల్ పోయింది, మే పోయింది.
మరిచారేమో, ఫరవాలేదు, అడిగి పోదామని."
ఆ ఫరవాలేదు వచ్చి నా మెడ మీద కూర్చుంది.

లాగ్ తెరిచాను.
వచ్చింది, తూచాను, పంపాను.
వచ్చింది, తూచాను, పారేశాను.
వేల వరుసల్లో అతని పేరు వెతికితే
మూడు చోట్ల దొరికాడు.
మూడుసార్లూ ఏడు పాయింటు రెండు.
ఐదు దాటితే చెత్త. ఆ ఐదు నేను పెట్టిందే.

పంపిన చిరునామా సవ్యం: సున్నా.
సంతకం సరిపోయింది: మైనస్ సున్నా పాయింటు మూడు.
అన్నీ పెద్దక్షరాలే, అక్కడి గుమస్తా అలవాటు: ఒకటిన్నర.
మగతనం మాత్ర పేరుంది: ఆరు.

మాత్రా? గుండె డాక్టరు ఉత్తరంలోనా?
ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి
ఒకటో తరగతి పిల్లలా చదివాను.
మా భాషలో నిపుణుడంటే ఎస్పెసియాలిస్టా.
ముందు ఎస్పె తీసేసి, చివర టా తీసేస్తే
కడుపులో హాయిగా పడుకుని ఉంది
సియాలిస్.

మార్చిలో ఆ మాత్రల వరద వచ్చినప్పుడు
ఆ రూలు రాసింది నేనే,
నిలబడి, కోపంగా, కాఫీ చల్లారకముందే.
పదానికి ముందో గోడ, వెనకో గోడ కట్టాలి.
రెండు చిన్న గుర్తులు, అంతే. కట్టలేదు.
గోడల్లేని పదం పక్కింట్లో దూరి
ఇంటివాణ్ణే దొంగని చేసింది.

మా తాత జెర్వాజియు తిమింగలాల కావలివాడు.
కొండ మీద రాతిగూడు, చీలికంత కిటికీ,
రోజంతా నీళ్ళ మీదే చూపు.
తిమింగలం ఊదిన ఆవిరీ, అల విరిగిన నురగా
అంత దూరానికి ఒక్కలాగే ఉంటాయట.
నురగని తిమింగలమంటే
ఉత్త పడవలు ఈడ్చుకొచ్చి ఊరు నవ్వి వదిలేస్తుంది.
తిమింగలాన్ని నురగంటే
ఆ చలికాలం ఎవరూ పలకరించరు.

గోడలు కట్టాను. ఆరుని రెండుకి దించాను.
ఆపి మళ్ళీ లేపితే లేవలేదు:
ఎక్కడో ఒక బ్రాకెట్ నోరు తెరుచుకుని ఉంది.
మూశాను. లేచింది.
అదే ఉత్తరం మళ్ళీ తూచాను: ఒకటి పాయింటు రెండు.

తర్వాత చెత్తగది.
నలభై ఒక్క ఉత్తరాలు.
ఒక కంటిపొర, ఒక పసివాడి చెవి,
"దయచేసి వెంటనే" అని రెండుసార్లు రాసినది ఒకటి.
తేదీలు చూడకూడదనుకున్నాను. చూశాను.
ఒక పేరు పక్కగది రిజిస్టరులో
అప్పటికే ఉంది.
వేరే జబ్బుతో పోయిందని రాసి ఉంది.
ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను.

ఆరింటికి ఎర్మీనియుకి ఫోన్ చేశాను. పాలు పితుకుతున్నాడు.
"అయితే మరవలేదన్నమాట!"
"మరవలేదు. ఆపేశాం. ఆపింది నేను."
కాసేపు బకెట్లో పాల ధార చప్పుడొక్కటే.
"మంగళవారం విమానం ఉందిగా," అన్నాడు,
"నీకు జున్ను ఇష్టమేనా?"

తొమ్మిదింటికి డైరెక్టరు.
"డియోలిండా, నాకెవడో మాత్రలు అమ్మజూపుతున్నాడు,
నీ ఫిల్టరు నిద్రపోయిందా?"
చూస్తానండీ, అన్నాను.
కాఫీ పూర్తిగా తాగి,
కూర్చుని చూస్తాను.